చల్లగా అంటే ఎంత

ఇంటి నుంచి, పై వాటా
సోమవారం

బావమరిదికి,

అంతా క్షేమం అని రాయటానికి చెయ్యి రావటం లేదు. మీ అక్క షుగరు దిగటం లేదు. డాక్టరు ఇన్సులిను మందు మళ్ళీ రెండు గీతలు పెంచాడు. సూది పొద్దునా సాయంత్రం నేనే వేస్తున్నాను. ఏళ్ళ తరబడి గుడ్డకి వేసిన దర్జీ చెయ్యే కదా, తప్పు పోదు. అయినా దిగటం లేదు.

ఫోను మీ అక్క దగ్గరే ఉంటుంది. నాకు సరిగా వినపడదు. గట్టిగా మాట్లాడితే తను వింటుంది. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. కింది వాటా ఆవిడ తీసి నాకిస్తుంది.

సంగతేమిటంటే, మీ అక్క చాటుగా తీపి తింటోందని నా అనుమానం. లేకపోతే ఎందుకు దిగదు? దాహం దాహం అంటుంది. రాత్రి లేచి లేచి నీళ్ళు తాగుతుంది. మనిషి చిక్కింది, జాకెట్లు రెండుసార్లు బిగించాను. పంచదార డబ్బా కుట్టు మెషీను సొరుగులో పెట్టి తాళం వేశాను. అడిగితే ఒట్టు పెట్టుకుంటోంది. నువ్వు తమ్ముడివి, నీ మాట వింటుంది. ఒక ముక్క రాయి.

మందు విషయంలో నా లోపం లేదు. ఎండలు ముదిరాయి, సీసా ఎలా పెట్టాలని అడిగితే ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని రాశావు. అప్పటినుంచీ ఫ్రిజ్జు తలుపు అరలోంచి తీసి ఇంకా చల్లని చోట పెట్టాను.

కూర్చుంటే కూర్చోలేను, నిలబడితే నిలబడలేను. తొందరగా రాయి.

మీ బావ

*

ఆసుపత్రి మందుల స్టోరు నుంచి
శుక్రవారం

బావా,

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను. నువ్వు ఇన్ని వాక్యాలు రాశావంటే ఎవరో పోయారనుకున్నాను. మా అక్కని పెళ్ళి చేసుకున్న రోజు కూడా నువ్వు ఇంత మాట్లాడలేదు.

అక్క సంగతి నాకు తెలియనిదా? చిన్నప్పుడు బెల్లం కుండ అటక మీద పెడితే నన్ను భుజాలెక్కించుకుని దింపించేది. వాటా మాత్రం పావలా అర్ధా ఇచ్చేది. నీ అనుమానం ఊరికే పోదు. తనకి విడిగా రాస్తాను. కాస్త గట్టిగానే రాస్తాను.

ఇక్కడ నా గొడవ నాది. మా స్టోరులో పాత ఫ్రిజ్జు మూలుగుతోంది. మందులు, టీకాలు, ల్యాబు వాళ్ళ రక్తం సీసాలు, అన్నీ దాని పొట్టలోనే. కొత్తది కొనమని సూపరింటెండెంటు గారు నాకే వదిలేశారు. నేను రెండు తలుపులది, ఇళ్ళలో పెట్టుకునేదే, ఒకటి చూసి వచ్చాను. అద్దంలా మెరుస్తోంది. పైన ఐసు అర ఇంత. ల్యాబులో పనిచేసే అమ్మాయికి అది నచ్చలేదు. "ఇది కూరగాయలకి సార్, మందులకి కాదు" అంది. మందుల కోసమే చేసిన ఫ్రిజ్జులు వేరే ఉంటాయిట. లోపల ఫ్యాను తిరుగుతుందిట, తలుపు సరిగా పడకపోతే గంట మోగుతుందిట. "తలుపు తెరిస్తే గంట కొట్టటానికి ఇదేమన్నా బడా తల్లీ" అన్నాను. నవ్వలేదు. ఈ కాలం పిల్లలకి నవ్వు కూడా కొలిచే వస్తుంది.

అక్కని కనిపెట్టుకుని ఉండు.

నీ బావమరిది

*

ఇంటి నుంచి
బుధవారం

బావమరిదికి,

నువ్వు రాసిన ఉత్తరం మీ అక్క చదివింది. మడిచి, పోపుడబ్బా కింద పెట్టింది.

నేను ఒక పని చేశాను. మన వీధి మలుపులో బేకరీ ఉంది కదా. పోయి ఆయనతో చెప్పాను, మా ఆవిడ వస్తే ఏమీ అమ్మవద్దు, జబ్బు మనిషి, దొంగచాటుగా తింటోంది అని. నేను మెల్లగానే చెప్పాననుకున్నాను. నాకు వినపడదు కదా, గట్టిగా వచ్చిందేమో. షాపులో మనుషులున్నారు.

మర్నాడు మీ అక్క బ్రెడ్డు కోసం వెళ్ళింది, నాకే, పాలల్లోకి. ఆయన ఇవ్వలేదట. "అమ్మా, పెద్దాయన వద్దన్నాడు" అన్నాడట. వెనకాల ఎవరో నవ్వారట.

ఇంటికొచ్చి నా ముందు నిలబడింది. "నేను దొంగనా?" అంది. అంతే. అప్పటినుంచీ మాట లేదు. అన్నం పెడుతుంది, గిన్నె చప్పుడు చేసి పిలుస్తుంది. సూది కూడా నా చేతిలోంచి తీసుకుంది. తనే వేసుకుంటోంది. కళ్ళు మసకగా ఉన్నాయని కిటికీ దగ్గరకు పోయి గీతలు చూసుకుంటుంది. నేను సీసా తీసి, అరచేతుల్లో దొర్లించి, బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకుంటాను. అదే నా పని ఇప్పుడు.

కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు లేచింది. మానటం లేదు. డాక్టరు మందు ఇంకా పెంచాడు. ఇలాగే ఉంటే వేలు తీయాల్సి రావచ్చు అన్నాడు. అది ఆయన మీ అక్కతోనే అన్నాడు, నోరు కట్టుకోమని. మీ అక్క నా వైపు చూడలేదు.

మందు మాత్రం చల్లగానే ఉంది. పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

మెషీను మీద కూర్చుంటాను, పెడలు తొక్కుతాను, గుడ్డ ఉండదు. ఊరికే తొక్కుతాను.

మీ బావ

*

స్టోరు నుంచి
శనివారం

బావా,

బేకరీ పని బాగాలేదు. అనుమానం ఇంట్లో ఉంటే ఒక ఎత్తు, వీధిలో పెడితే ఒక ఎత్తు. నేను గట్టిగా రాయకుండా ఉండాల్సిందేమో. పుండు సంగతి చదివాక నాకు ఇక్కడ కాలు నిలవటం లేదు. స్టోరు గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నాను. ఇన్‌చార్జి నర్సు "ఏమిటండీ, ఏమన్నా పోగొట్టుకున్నారా?" అని అడిగింది.

మనసు మళ్ళించుకోవటానికి ఇక్కడి ముచ్చట రాస్తాను. ఫ్రిజ్జు నా మాట ప్రకారమే తెప్పించాను. అద్దంలా మెరిసేదే. మందులు సర్దబోతుంటే ల్యాబు అమ్మాయి అడ్డం వచ్చింది. "ముందు ఖాళీగా నడిపి చూద్దాం సార్" అంది. తలుపు అరలో ఒక థర్మామీటరు, మధ్య అరలో ఒకటి, వెనక గోడకి ఆనించి ఒకటి, ఐసు అర కిందే ఒకటి పెట్టింది. "ఏం చూడాలి, చల్లగా ఉంటే చాలదా?" అన్నాను. "చల్లగా అనేది కొలత కాదు సార్. చల్లగా అంటే ఎంత?" అంది.

మర్నాడు తెరిచి చూస్తే ఒకే ఫ్రిజ్జులో నాలుగు ఊళ్ళు! తలుపు అరలో వేడి. మధ్య అరలో సరిగ్గా ఉంది, రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ నడుమ. వెనక గోడ దగ్గర సున్నా. ఐసు అర కింద సున్నాకీ కిందకి పోయింది. ఆ అమ్మాయి అక్కడ ఒక పాత టీకా సీసా పెట్టింది. బిగుసుకుపోయింది. కరిగించి, ఇంకో మంచి సీసా పక్కన పెట్టి రెండూ కుదిపి బల్ల మీద నిలబెట్టింది. మంచిది పాలలా అలాగే ఉంది. గడ్డకట్టింది చూస్తుండగానే విరిగింది. రేకులు రేకులుగా అడుక్కి దిగింది. "వేడికి పోయేది మెల్లగా పోతుంది సార్, మంచుకి పోయేది ఒక్కసారే పోతుంది. కరిగితే మళ్ళీ మామూలుగా కనిపిస్తుంది, అదే ప్రమాదం" అంది.

ఇన్నేళ్ళూ నేను వెనక గోడ దగ్గర చోటుంటే అదృష్టమనుకుని కుక్కాను బావా. పైగా నా అన్నం గిన్నె కూడా అందులోనే పెట్టేవాణ్ణి. అదీ చూసింది. తీసి నా చేతిలో పెట్టింది. మెరిసేది వెనక్కి పంపేశాం. మందులకి చేసిందే వస్తోంది, గంటతో సహా.

అక్క పుండు ఎలా ఉందో రాయి.

నీ బావమరిది

*

ఇంటి నుంచి
మంగళవారం

బావమరిదికి,

గడ్డకట్టి కరిగిన మందు మళ్ళీ పనిచేస్తుందా? టీకా కాదు, వేరే మందు. ఊరికే అడుగుతున్నాను.

మీ బావ

*

స్టోరు నుంచి
అందిన రోజే

బావా,

నువ్వు ఊరికే అన్నావంటే అది ఊరికే కాదు.

పనిచేయదు. షుగరు మందు అయితే అసలే పనిచేయదు, పనిచేసినా ఎంత చేస్తుందో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క వాక్యం చదివి నీ పాత ఉత్తరాలు తీశాను. "ఇంకా చల్లని చోట పెట్టాను." "పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి." ఆ రెండో ముక్క చదివి నేను నవ్వుకున్నాను బావా. నా వృత్తి ఏమిటో మరిచిపోయి నవ్వుకున్నాను. సీసా ఎక్కడ పెట్టావు? ఐసు అర కిందేనా?

ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని రాసింది నేనే. ఆ రోజు ఎండకి విసుగెత్తి రాసిన మాట. మా ఇంట్లో అయితే ఎవరూ పట్టించుకోరు. నువ్వు పట్టించుకున్నావు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఆ సీసా పారేయి. కానీ కొత్త సీసా తెచ్చి నీ అంతట నువ్వు అక్కకి ఇవ్వకు. డాక్టరు పెంచిన గీతలన్నీ చచ్చిన మందుకి పెంచినవి. బతికున్న మందు అన్ని గీతలు పడితే షుగరు ఒక్కసారి నేలకి పడిపోతుంది. మనిషే పడిపోతుంది. ముందు డాక్టరు దగ్గరకి పో. జరిగింది చెప్పు. ఆయన ఎన్ని గీతలంటే అన్ని.

ఫోను చేస్తున్నాను, అక్క ఎత్తటం లేదు. మళ్ళీ చేస్తాను. ఎత్తేదాకా చేస్తాను.

నీ బావమరిది

*

మా ఊరి ఆసుపత్రి వరండా నుంచి
ఆదివారం

బావమరిదికి,

ఫోను ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు రాస్తున్నాను. నీ ఉత్తరం ఇంటికి వచ్చేసరికి మేం ఇక్కడ ఉన్నాం. కింది వాటా ఆవిడ తెచ్చి ఇచ్చింది.

నువ్వు విరిగిన సీసా గురించి రాసిన ఉత్తరం అందిన రోజే నేను మన సీసా తీసి చూశాను. ఐసు అర కిందే, మంచుకి ఆనించి పెట్టాను. వెలుగులో పట్టుకుంటే లోపల గాజు గోడకి పిండి అంటినట్టు ఉంది. కుదిపాను. పోలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇల్లంతా పంచదార కోసం వెతికాను. దొంగ ఫ్రిజ్జులో ఉంది. పెట్టింది నేను.

చెప్పాలనుకున్నాను. సిగ్గేసింది. నీ జవాబు దాకా ఆగకుండా పోయి కొత్త సీసా తెచ్చి మధ్య అరలో పెట్టాను. పాతది పారేశాను. ఎవరికీ తెలియకుండా బాగైపోతుంది అనుకున్నాను. గీతల సంగతి నాకు తట్టలేదు.

మీ అక్క ఎప్పట్లాగే సూది వేసుకుంది. గిన్నె చప్పుడు చేసింది. నేను అన్నానికి లేచేలోపే గిన్నె కింద పడింది. వంటింటి గట్టు పట్టుకుని ఉంది. జాకెట్టు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. "ఏమిటో అవుతోందండీ" అంది. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

పంచదార పెట్టాలని తెలుసు, సూది నేర్పినప్పుడే నర్సు చెప్పింది. పంచదార నా తాళం వెనకాల ఉంది. తాళంచెవి మొలతాడుకి ఉంది, ముడి రావటం లేదు. జన్మంతా ముళ్ళు వేసి విప్పిన చేతులు ఇవి. కత్తెరతో తెంపాను. సొరుగు తెరిచి పంచదార గుప్పెట్లోకి తీసి, నీళ్ళల్లో కలిపి తన నోటికి పట్టాను. సగం మెడ మీదికి పోయింది. ఏ పంచదార కోసం దొంగన్నానో ఆ పంచదారే తాగమని బతిమాలాను. తాగింది.

కింది వాటా వాళ్ళు బండి పిలిచారు. ఇప్పుడు బాగానే ఉంది. తెలివిగా ఉంది.

డాక్టరు కేకలేశాడు, మీ అక్క మీద. "తినకుండా సూది వేసుకుంటారా? ఇన్నాళ్ళూ ఎక్కువ తిన్నారు, ఇప్పుడు మానేశారా? మాకేమన్నా ఆటలా?" అని. మీ అక్క కళ్ళు మూసుకుంది. నేను పక్కనే ఉన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

ఏం చేయమంటావు?

మీ బావ

*

స్టోరు నుంచి
సాయంత్రం బండికి వేస్తున్నాను

బావా,

అక్కతో ఫోనులో మాట్లాడాను. "బాగున్నాను రా" అంది. నీ సంగతి నా నోటిదాకా వచ్చింది. మింగాను. నేను చెప్తే తేలిక. తమ్ముణ్ణి కాబట్టి రెండు తిట్టి వదిలేస్తుంది, నీ తప్పు కూడా నా తప్పులో కలిసి కొట్టుకుపోతుంది. అలా కొట్టుకుపోకూడదు. నువ్వే చెప్పు.

కోపం వచ్చి రాస్తున్నాను, ఏమనుకోకు. నీకు నోట్లో నాలుక లేదని మేమంతా మెచ్చుకుంటూ వచ్చాం. మంచివాడు, నెమ్మదస్తుడు అని. మా అక్కని దొంగ అనటానికి మాత్రం ఆ నాలుక బేకరీ దాకా నడిచి వెళ్ళింది. ఇప్పుడు డాక్టరు ముందు ఎక్కడ దాక్కుంది?

నువ్వు చెప్పకపోతే ఆయన ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ ఆ పెంచిన గీతలే రాస్తాడు. తినటంలోనే తేడా అనుకుంటాడు. ఇంకోసారి గిన్నె కింద పడితే నువ్వు ఇంట్లో ఉంటావో, ఉండవో. సిగ్గుకి ప్రాణం పెట్టకు బావా, అందులోనూ మా అక్క ప్రాణం.

నా వంతు నేను అక్కకి రాశాను, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న మాట నాదేనని. అంతవరకే రాశాను. థర్మామీటరు ఒకటి పంపుతున్నాను. మధ్య అరలో పెట్టు, సీసా పక్కనే. సీసాని చిన్న డబ్బాలో పెట్టు, గోడకి తగలనీయకు, తలుపులో పెట్టకు. రోజూ పొద్దున ఒకసారి చూడు. రెండు కంటే కిందికి పోతే చల్లదనం తగ్గే వైపు మీట తిప్పు, ఎనిమిది దాటితే ఇంకోవైపు తిప్పు. చల్లగా ఉందా లేదా అని చేత్తో పట్టుకుని చూడకు.

జవాబు వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

నీ బావమరిది

*

ఇంటి నుంచి
గురువారం

బావమరిదికి,

చెప్పాను.

డాక్టరు కాగితం మీద రాస్తుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఈమె తినలేదు. మందు నేను మంచులో పెట్టాను. పాడైంది. కొత్తది తెచ్చి చెప్పకుండా ఇచ్చాను" అన్నాను. ఒక్క గుక్కలో వచ్చింది. ఆయన కలం కింద పెట్టాడు. "ఈ ముక్క ఆ రోజే చెప్పకూడదూ?" అన్నాడు. గీతలు కొట్టేసి మొదట్లో ఉన్నన్నే రాశాడు. మీ అక్కతో "అమ్మా, నేనూ తొందరపడ్డాను" అన్నాడు.

మీ అక్క పక్క కుర్చీలోనే ఉంది. అలాగే విన్నది. నా వైపు చూడలేదు.

రిక్షా వీధి మలుపు తిరుగుతుంటే ఆపమంది. బేకరీ ముందు. "ఎక్కడ కుట్టారో అక్కడే విప్పండి" అంది.

నా వల్ల కాదన్నాను. "అప్పుడు అయింది కదా" అంది.

లోపలికి పోయాను. సాయంత్రం కదా, జనం ఉన్నారు. నా వంతు వచ్చింది. "ఏం కావాలి పెద్దాయనా?" అన్నాడు. ఏమీ వద్దన్నాను. "మరి?" అన్నాడు. వెనకాల ఎవరో "జరగండి" అంటున్నారు. "మా ఆవిడ దొంగ కాదు" అన్నాను. నాకే వినపడింది బావమరిదీ. నాకే వినపడిందంటే ఎంత గట్టిగా అన్నానో చూసుకో. బిస్కెట్లు తూచేవాడు తూచటం ఆపాడు. "ఆమె ఏమీ తినలేదు. మందు నేను పాడుచేశాను. తప్పు నాది" అన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు.

షాపాయన బుర్ర గోక్కున్నాడు. "అయితే అమ్మగారికి ఇక అమ్మొచ్చా?" అన్నాడు.

"వద్దు!" అన్నాను, ఇంకా గట్టిగా.

జనం ఘొల్లుమన్నారు. బయటకి వస్తే రిక్షాలో మీ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది. రిక్షావాడు కూడా నవ్వుతున్నాడు, వాడికేం తెలుసని.

నువ్వు పంపిన థర్మామీటరు మధ్య అరలో పెట్టాను. ఐదు చూపిస్తోంది. షుగరు దిగుతోంది. పుండు అంచులు ఎండుతున్నాయి. వేలుకి భయం లేదన్నాడు డాక్టరు. నీకు ఒక విడి ఉత్తరం వస్తుంది మీ అక్క దగ్గరనుంచి. తీరిగ్గా కూర్చుని చదువుకో, తిట్లు బాగానే ఉన్నాయి.

ఇంటికొచ్చాక అన్నం తిన్నాం. గిన్నె చప్పుడు చేయలేదు, పిలిచింది. తిన్నాక మీ అక్క చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "డాక్టరుకి చెప్పారు. బజారుకి చెప్పారు. నాకు ఇంకా చెప్పలేదు" అంది.

అప్పుడు తనకి చెప్పాను. మెల్లగానే.

ఏం చెప్పానో నీకు రాయను.

మీ బావ